హెడర్ పక్కన వైరింగ్ కాలుతోందా? ముందు దారి మార్చండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అచ్చంపేట దగ్గర ఊరు. 2011 మోడల్ జిప్సీ ఉంది. పొలానికీ, శ్రీశైలానికీ దాని మీదే తిరుగుతాం. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక గ్యారేజీలో ఇంజన్ పొగని బయటికి తీసుకెళ్లే పాత పోత ఇనుము మానిఫోల్డ్ తీయించి, దాని చోట, బయట దొరికే స్టీల్ పైపుల హెడర్ వేయించాను. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అలాగే ఉంచారు. హెడర్ పైపులు బయటికి వంగి ఉండడంతో ఇంజన్ వైరింగ్ కిట్‌లో ఒక పాయ పైపుకు వేలెడు దూరంలో పడింది. గ్యారేజీ వాళ్లు బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు పోయే కేబుల్‌ని కూడా అటే తిప్పి ప్లాస్టిక్ ట్యాగ్‌లతో కట్టారు. ఇప్పుడు వైర్ల మీది నల్ల ఫ్లెక్సిబుల్ పైపు కరిగి ముడుచుకుపోయింది. బానెట్ ఎత్తితే కాలిన వాసన. మొన్న శ్రీశైలం డ్యామ్ దగ్గర్నుంచి ఘాటు ఎక్కి, దోమలపెంటలో టీకి ఆపాం. పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే టక్కుమంది తప్ప ఇంజన్ తిరగలేదు. బాగా చల్లారాక స్టార్ట్ అయింది. మీటర్లో ఇంజన్ చెక్ లైట్ కూడా వచ్చిపోతోంది. మెకానిక్ అన్న హెడర్‌కు ఆస్బెస్టాస్ తాడు చుట్టేద్దామంటున్నాడు. ఎలక్ట్రీషియన్ ఏమో వైర్లకు మంచి స్లీవ్ తొడిగితే చాలంటున్నాడు. వచ్చే వారం ఇంటిల్లిపాదీ శ్రీశైలం పోవాలి. ఏం చేయమంటారు? అసలు హెడరే తీసేయమంటారా?

సమాధానం: తమ్ముడూ, ముందు బండి దగ్గరికి వెళ్లి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. అది మళ్లీ పోయి తగలకుండా పక్కకు కట్టేసి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది చెక్ లైటూ కాదు, సెల్ఫ్ తిరగకపోవడమూ కాదు. సెల్ఫ్ కేబుల్‌ని హెడర్ వైపు తిప్పి ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టారన్న మాట.

ఆ కేబుల్ బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా సెల్ఫ్ మోటార్ మీది బోల్టుకు వెళ్తుంది. మామూలుగా దానికి ఫ్యూజు ఉండదు, తాళంతో సంబంధం ఉండదు. తాళంచెవి జేబులో వేసుకుని మీరు ఇంట్లో పడుకున్నా దాంట్లో 12 వోల్టులు ఉంటాయి. హెడరేమో ఇంజన్‌కు బిగించిన ఇనుము, అంటే అచ్చంగా ఎర్త్. మామూలు నైలాన్ ట్యాగ్ ఎక్కువసేపు తట్టుకునేది దాదాపు 85 డిగ్రీల వరకే. అది మెత్తబడి, సాగి, కేబుల్ పైపు మీదికి జారితే తొడుగు కరగడానికి ఎంతోసేపు పట్టదు. రాగి ఇనుముకు తగిలిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదిలేస్తుంది. అడ్డుకునే ఫ్యూజు లేదు కాబట్టి కేబుల్ ఎర్రగా కాలి, పక్కనున్న వాటిని అంటిస్తుంది. అందుకే ఈ ఒక్క కేబుల్ బాగయ్యేదాకా బండి తీయకండి, దొడ్లో నిలిపినా నెగెటివ్ విప్పే ఉంచండి.

ఇక మీ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ఇద్దరి సలహాల సంగతి. ఎలక్ట్రీషియన్ అన్న చెప్పిన స్లీవ్ అవసరమే, కానీ అది మూడో పని. మొదటిది వైర్ల దారి మార్చడం. రెండోది మధ్యలో రేకు అడ్డం పెట్టడం. ఈ రెండూ అయ్యాక కూడా ఎక్కడైనా సెగ తగిలే చోటు మిగిలితే, అక్కడ స్లీవ్. మన దగ్గర చాలామంది దీన్ని తలకిందులు చేసి ముందు స్లీవ్ తొడుగుతారు. వేసవి వచ్చేసరికి మళ్లీ అదే కంప్లయింట్‌తో తిరిగొస్తారు.

ఎందుకో చెప్తాను. గ్లాస్ ఫైబర్ స్లీవ్ ప్యాకెట్ మీద 550 డిగ్రీలు అని ఉంటుంది. ఆ లెక్క స్లీవ్ గుడ్డది. లోపలున్న వైరుది కాదు. మన బజారులో దొరికే మామూలు పీవీసీ వైరు 80 నుంచి 105 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాస్త మేలైన ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగున్న ఆటోమొబైల్ వైరు 125 దాకా పోతుంది. హెడర్ పైపు పైభాగం ఘాటు ఎక్కేటప్పుడు 400 నుంచి 600 డిగ్రీల దాకా వేడెక్కగలదు. గొంగడి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చుంటే కాసేపు సెగ తెలియదు, కానీ అక్కడే రాత్రంతా కూర్చుంటే గొంగడి లోపల ఉన్నవాడూ ఉడుకుతాడు. స్లీవ్ వేడిని ఆలస్యం చేస్తుందంతే. ఊళ్లో పది నిమిషాలు తిరిగే బండికి ఆ ఆలస్యం చాలు. మన్ననూరు నుంచి అడవి రోడ్డు, ఘాటు, మళ్లీ వెనక్కి అంటే గంటల పని. ఆపాటికి స్లీవ్ లోపలి వైరు కూడా దాదాపు బయటి వేడికే చేరుతుంది. ఒక్కసారి వేడెక్కాక ఆ స్లీవే వైరుని తొందరగా చల్లారనివ్వదు.

పాత మానిఫోల్డ్‌తో ఈ బాధ ఎందుకు లేదంటే, అది మందపాటి పోత ఇనుము. పొట్టిగా, ఇంజన్ హెడ్‌కు దగ్గరగా ఒదిగి ఉంటుంది. దాని మీద కంపెనీ ఒక రేకు కూడా బిగిస్తుంది. హెడర్ అలా కాదు. పల్చటి గొట్టాలు, పొడుగు ఎక్కువ, సెగ వెదజల్లే పైభాగం ఎక్కువ, పైగా బయటికి పొడుచుకొస్తాయి. పాత రేకు దీనికి సరిపోదు కాబట్టి గ్యారేజీలో దాన్ని పక్కన పడేస్తారు. ఇంజన్ తయారైనప్పుడు వైరింగ్ కిట్ పోయే దారిని పాత మానిఫోల్డ్ ఆకారాన్ని బట్టి గీశారు. హెడర్ మారిస్తే ఆ దారి కూడా మారాలి. మీ గ్యారేజీ వాళ్లు చేసింది సగం పని.

దోమలపెంటలో ఏం జరిగిందో చూద్దాం. బండి నడుస్తున్నంతసేపూ ముందు నుంచి గాలి వస్తుంది, ఫ్యాన్ తోస్తుంది. ఇంజన్ ఆపగానే రెండూ ఆగిపోతాయి. హెడర్‌లో నిండిన వేడంతా బానెట్ కిందే నిలిచిపోతుంది. ఆపిన తర్వాత మొదటి పది పదిహేను నిమిషాల్లో అక్కడ వేడి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. మీరు టీ తాగిన పావుగంటా సరిగ్గా అదే. రాగికి ఒక గుణం ఉంది. ఒక్కో డిగ్రీ పెరిగితే దాని అడ్డు, అంటే రెసిస్టెన్స్, దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గరున్న వైరు 120కి చేరితే అడ్డు దాదాపు 39 శాతం ఎక్కువవుతుంది. సెల్ఫ్ మోటార్ మీద ఉండే సాలనాయిడ్, అంటే కరెంటు రాగానే అయస్కాంతంలా లాగే స్విచ్చు, దాని చుట్ట కూడా రాగే. అది వేడెక్కి, దానికొచ్చే వైరు వేడెక్కి, కేబుల్ కొసన ఉండే థింబుల్ దగ్గర తుప్పు కూడా తోడైతే, సాలనాయిడ్ లాగే బలం చాలదు. టక్కుమని ఊరుకుంటుంది. చల్లారాక మళ్లీ లాగుతుంది. సెల్ఫ్ మోటార్ పాడైందని ఎవరైనా కొత్తది కొనిపిస్తే ఒప్పుకోకండి. ముందు కేబుల్, ఎర్త్, సెగ ఈ మూడూ చూడాలి.

పని మొదలుపెట్టేది బండి బాగా చల్లారాక, పొద్దున్నే. కిట్‌కున్న క్లిప్పులన్నీ విప్పండి. కరిగిన ఫ్లెక్సిబుల్ పైపుని బ్లేడుతో నిలువునా కోసి తీసేయండి. బ్లేడు లోపలి వైర్లకు తగలకూడదు. ఇప్పుడు ఒక్కో వైరునీ వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వంచండి. బాగున్న వైరు తాడులా ఒంగుతుంది, వదిలితే మామూలుగా ఉంటుంది. ఉడికిన వైరు పుల్లలా బిగుసుకుపోయి ఉంటుంది, వంచితే తొడుగు మీద సన్నటి చీలికలు కనిపిస్తాయి. రంగు వెలిసి, ఎరుపు గోధుమరంగులోకి, పసుపు మట్టిరంగులోకి దిగిపోయి ఉంటుంది. అలాంటి దాన్ని కొద్దిగా ఒలిచి చూస్తే లోపల రాగి మెరుపు పోయి నల్లబడి ఉంటుంది. ఆ నల్లదనం ఎంత దూరం ఉందో అంత దూరం వైరు పనికిరాదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్లాలి. పైన టేపు చుట్టి మూసేయడం మాత్రం వద్దు. పీవీసీ టేపు జిగురు వేడికి కారిపోతుంది. వర్షాకాలానికి ఆ టేపు ఊడి, తెరుచుకున్న చోట నీళ్లు పట్టి ఇంకో కొత్త రోగం మొదలవుతుంది.

దారి ఎంచుకునేటప్పుడు వైరు పట్టుకుని ఆలోచించకండి. మెత్తటి తాడు ఒకటి తీసుకోండి. కిట్ పాయ ఎక్కడ విడిపోతుందో అక్కడ ఒక కొస కట్టి, మీరనుకున్న దారిలో పోనిచ్చి, సెన్సర్ దగ్గర రెండో కొస పట్టుకోండి. స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పించి, స్టీరింగ్ రాడ్డు తాడుకు తగులుతుందేమో చూడండి. బానెట్ మూసి తెరవండి. ఫ్యాన్, బెల్టు దరిదాపుల్లోకి వస్తుందేమో చూడండి. అన్నీ సరిపోయాక ఆ తాడుని కొలిస్తే మీకు కావాల్సిన వైరు పొడవు తెలుస్తుంది. చాలా బండ్లలో వైరు ముందే కోసేస్తారు, చివర్లో రెండంగుళాలు తక్కువై హెడర్ మీదుగా అడ్డదారిన లాగుతారు. పొడవు సరిపోతే వేడి పైపు మీదుగా వైరు పోనివ్వాలని ఎవరికీ అనిపించదు.

ఎంత దూరం ఉండాలి? నేను పెట్టుకున్న లెక్క చెప్తాను. రేకు అడ్డం లేకపోతే కనీసం జానెడు. రేకు ఉంటే నాలుగు వేళ్లు. అంతకంటే దగ్గరైతే ఆ దారి వదిలేసి వేరే దారి చూడాలి. హెడర్‌కు పైన పోయే దారి అన్నిటికన్నా చెడ్డది, వేడి గాలి పైకే లేస్తుంది కాబట్టి. బండి ఆపాక అది మరీ ఎక్కువ. పక్కన గానీ, కింద గానీ పోతే అదే దూరంలో కూడా సెగ తక్కువ తగులుతుంది. కాకపోతే మరీ కిందికి దించితే పొలంలో రాళ్లు, మొద్దులు తగులుతాయి. అందుకని ఇంజన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు, అంటే ఫైర్‌వాల్ వెంట పైఎత్తులో తీసుకెళ్లి, హెడర్ లేని పక్క నుంచి ఇంజన్ మీదికి దించడం చాలా బండ్లలో కుదురుతుంది. పెట్రోల్ పైపుకీ బ్రేకు పైపుకీ వైర్లని కట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చేతికి అందుబాటులో, గట్టిగా ఉంటాయని మన మేస్త్రీలు వాటికే ట్యాగ్ వేసేస్తారు. ఇలా కట్టిన చోట తొడుగు ఒరిసిపోయిన బండ్లు నల్లగొండ, మిర్యాలగూడ వైపు చాలా చూశాను.

ఇంకో సంగతి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక పక్కకు ఒరుగుతుంది, ఘాటులో ఫస్ట్ గేరులో ఇంకా ఎక్కువ. ఇంజన్ మీద పోయే వైర్లని ఇంజన్‌కే బిగించాలి. బాడీ మీద పోయేవాటిని బాడీకే. బాడీ నుంచి ఇంజన్‌కు దాటే చోట ఒక వంపు వదులుగా ఉంచాలి. అక్కడ బిగుతుగా కడితే వైరు లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు, గుంత రాగానే చెక్ లైట్ వస్తుంది, మంచి రోడ్డు మీద పోతుంది. మీ బండిలో వచ్చిపోయే లైటుకు ఇదీ ఒక కారణం కావొచ్చు. సెల్ఫ్ కేబుల్ బాగయ్యాక, ఇంజన్ నడుస్తుండగా హెడర్‌కు దూరంగా ఉన్న చోట కిట్‌ని మెల్లగా కదిపి చూస్తే, వైరు తెగి ఉంటే ఇంజన్ శబ్దం మారుతుంది.

సెల్ఫ్ కేబుల్ పాతదాన్ని అతుకు వేసి పొడుగు చేయొద్దు. మొత్తం కొత్తది, ఒకే ముక్క. దారి పొడుగైంది కాబట్టి పాతదానికంటే లావుగా ఉండాలి. మీ 1298 సీసీ ఇంజన్‌కు 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ నిశ్చింతగా సరిపోతుంది. బాగా వంగుతుందని వెల్డింగ్ కేబుల్ వేసేవాళ్లున్నారు. కరెంటు మోయడంలో దానికి వంక లేదు, కానీ దాని రబ్బరు తొడుగు వేడికి, ఆయిల్‌కు ఏపాటిదో చూడకుండా వేయకూడదు. థింబుల్స్ సుత్తితో కొట్టి నొక్కేది కాదు. నొక్కే మిషన్ ఉన్న చోట నొక్కించండి, బోరు మోటార్ల స్టార్టర్లు చేసే షాపుల్లో చాలాచోట్ల ఉంటుంది. సెల్ఫ్ బోల్టు మీద రబ్బరు టోపీ తప్పకుండా ఉండాలి. ఇంజన్ నుంచి చాసీకి పోయే ఎర్త్ పట్టీని కూడా విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించండి. అంతా అయ్యాక సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ ప్లస్‌కీ సెల్ఫ్ బోల్టుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. అర వోల్టు లోపు రావాలి. బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య 0.2 వోల్టు లోపు. ఈ పరీక్ష చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఘాటు దిగి వచ్చి పావుగంట ఆపాక ఇంకోసారి చేస్తే అసలు రోగం బయటపడుతుంది.

సన్నటి వైర్ల అతుకులకు చాలామంది సోల్డరింగ్ గొప్పదనుకుంటారు. ఇంజన్ దగ్గర నేను ఒప్పుకోను. మామూలు తగరం, సీసం సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అది ఒకటి. దానికంటే పెద్ద ఇబ్బంది, సోల్డర్ వైరు పోగుల్లోకి పాకి అంతవరకూ కడ్డీలా బిగుసుకుంటుంది. ఆ కడ్డీ ముగిసే చోట ఇంజన్ అదురుకు వైరు తెగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్, అంటే వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం, తొడగండి. అతుకులన్నీ ఒకేచోట పెట్టకుండా ఒక్కోటీ రెండంగుళాలు జరిపి వేస్తే కిట్ లావెక్కదు, ఒకదానికొకటి తగిలే భయమూ ఉండదు. పాత వైరు ఏ రంగో కొత్తదీ అదే రంగు తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్ ఆ బానెట్ ఎత్తినప్పుడు మీకు దండం పెడతాడు.

ఆక్సిజన్ సెన్సర్ వైరుని విడిగా చూడాలి. హెడర్ మార్చాక సెన్సర్ చోటు మారి ఉంటుంది, వైరు చాలక లాగి ఉంటారు. ఆ వైరుని కోయకండి. ఇలాంటి సెన్సర్లలో చాలావాటికి బయటి గాలి ఆ వైరు పోగుల మధ్య నుంచే లోపలికి పోతుంది. దాంతో పోల్చుకునే సెన్సర్ పొగలో ఆక్సిజన్ కొలుస్తుంది. సోల్డర్ పెట్టి, జిగురు పూసి మూసేస్తే సెన్సర్‌కు ఊపిరి అందదు. సెన్సర్‌కున్న కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) లాంటివే ఒక మగ, ఒక ఆడ కప్లర్ తెచ్చుకుని, మధ్యలో అదే మందం వైర్లతో చిన్న ఎక్స్‌టెన్షన్ చేయించండి. సెన్సర్ నాలుగు పైపులూ కలిసిన తర్వాతే ఉండాలి. ఒక పైపు మీద ఉంటే ఒక సిలిండర్ కథే చెప్తుంది. అడ్డంగా పడుకోబెట్టకుండా కనీసం పది డిగ్రీలు పైకి లేపి బిగిస్తే, పొద్దున చల్లటి ఇంజన్‌లో చేరే నీటి తేమ దాంట్లో నిలవదు. బాగున్న సెన్సర్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆగకుండా ఊగుతుంది. ఊగకుండా కిందే నిలిచిపోతే సెన్సర్‌ని తిట్టే ముందు హెడర్ గాస్కెట్ చూడండి. అక్కడ సన్నటి లీకు ఉంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సర్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కాలకుండా మిగిలిన పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి, అది మరీ వేడెక్కి దెబ్బతింటుంది.

ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్ వైరు ఉంటే దాన్ని ప్లగ్ వైర్లకు జతగా కట్టొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. అది సన్నటి సిగ్నల్, పక్కన వేల వోల్టులు పోతుంటే తడబడుతుంది.

ఇప్పుడు రేకు. ఒక మిల్లీమీటరు అల్యూమినియం గానీ, పల్చటి స్టెయిన్‌లెస్ గానీ చాలు, అచ్చంపేటలో ఏ డబ్బాల మేస్త్రీ అయినా వంచిస్తాడు. రేకుకు పని చేసే శక్తి దాని మందంలో లేదు, రెండు పక్కలా ఉన్న గాలిలో ఉంది. హెడర్‌కూ రేకుకూ మధ్య వేలెడు ఖాళీ, రేకుకూ వైర్లకూ మధ్య ఇంకో వేలెడు ఖాళీ ఉండాలి, మొత్తం మీద పైన చెప్పిన నాలుగు వేళ్లకు తగ్గకూడదు. రేకుని హెడర్ పైపుకే క్లాంపు వేసి బిగిస్తే అదే ఇంకో పొయ్యి అవుతుంది. ఇంజన్ బ్లాకు మీద ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాలు చూసుకుని, పొట్టి గొట్టపు ముక్కలు మధ్యలో పెట్టి ఎత్తులో బిగించండి. అంచులు మడిపించండి. కోసిన అంచు అలాగే వదిలితే అదే వైరుని కోస్తుంది.

ఆ తర్వాత మిగిలిన చోట స్లీవ్. దీనికి హైదరాబాద్ దాకా పరుగెత్తక్కర్లేదు. బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు మన మండల కేంద్రాల్లో ఉండనే ఉంటుంది. వాళ్లు చుట్టల కొసలకు తొడిగే గ్లాస్ స్లీవ్ ఇదే జాతి. అడిగేటప్పుడు హెచ్ క్లాస్, సిలికాన్ పూత ఉన్నది అడగండి, అది 180 డిగ్రీలకు. ఎఫ్ క్లాస్ అయితే 155. సెల్ఫ్ కేబుల్‌కు సరిపడే లావుది దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకొచ్చు. మెరిసే అల్యూమినియం పూత స్లీవ్ కూడా మంచిదే. కానీ అది సెగని తిప్పికొట్టాలంటే పైపుకు తగలకుండా దూరంగా ఉండాలి, మెరుపు ఉండాలి. ఆయిల్, దుమ్ము పట్టి నల్లబడితే దాని పని సగం పోయినట్టే. ప్లాస్టిక్ ట్యాగ్‌లకు బదులు లోపల సిలికాన్ రబ్బరున్న ఇనుప పీ-క్లాంపులు వాడండి. స్టీల్ ట్యాగ్ వాడితే నేరుగా వైరు మీద కాకుండా స్లీవ్ మీద వేయండి, లాగి బిగించేయకండి.

ఆస్బెస్టాస్ తాడు మాట ఎత్తితేనే నాకు బాధగా ఉంటుంది. చుట్టేటప్పుడు, విప్పేటప్పుడు దాని నూగు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తెస్తుంది. ఆ తాడుతో రోజూ పని చేసేది మన మెకానిక్ అన్నలే. మీ అన్నకు నా మాటగా చెప్పండి, ఇతరుల బండికి కూడా వాడొద్దని. గ్లాస్ ఫైబర్ చుట్టుడు పట్టీలు వేరు, వాటితో సెగ తగ్గుతుంది. కానీ మీలా పొలంలో, బురదలో తిరిగే బండికి అవీ నేను చెప్పను. అవి తడిని పట్టి ఉంచి పల్చటి స్టీల్ పైపుని లోపల్లోపలే తుప్పు పట్టిస్తాయి. వాల్వు కవర్ గాస్కెట్ నుంచి ఆయిల్ కారి ఆ పట్టీలో ఇంకితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. డబ్బు పెట్టగలిగితే హెడర్‌కు సిరామిక్ పూత వేయించడం నయం.

మీరు పల్లెలో ఉంటారు కాబట్టి ఇదొక్కటీ చెప్పకుండా ఉండలేను. కోతలయ్యాక మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఉలవ కట్టెలు, కంది కట్టెలు బండ్లు తొక్కాలని పరుస్తారు. వాటి మీదుగా పోయినప్పుడు ఎండు గడ్డి బండి అడుగున చుట్టుకుని హెడర్‌కీ వైర్లకీ మధ్య ఇరుక్కుంటుంది. పాత మానిఫోల్డ్ మీద అంత తేలిగ్గా ఇరుక్కునేది కాదు, ఈ నాలుగు పైపుల సందుల్లో ఇరుక్కుంటుంది. గడ్డి పరిచిన రోడ్డు దాటాక ఒక నిమిషం ఆపి కిందికి వంగి చూడండి. కాలిన వాసన వస్తే ఇంటికెళ్లి చూద్దాం అనుకోవద్దు. బండిలో చిన్న మంటలార్పే సిలిండర్ ఒకటి పెట్టుకోండి, పెట్రోల్ మంటకు పనికొచ్చే పొడి రకం.

శ్రీశైలం ప్రయాణం వచ్చే వారం ఈ బండి మీద వద్దు. బస్సులో గానీ, వేరే బండిలో గానీ వెళ్లి రండి. పని పూర్తి కావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఆ తర్వాత నమ్మకం కలగడానికి ఇంకొన్నాళ్లు. మన్ననూరు దాటాక అంతా అమ్రాబాద్ పులుల అడవి, రాత్రిపూట ఆ రోడ్డు మూసేస్తారు, చాలాచోట్ల ఫోను పలకదు. పిల్లల్ని, పెద్దవాళ్లని వెంట పెట్టుకుని అక్కడ ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోకూడదు. పని అయ్యాక మొదట మీరొక్కరే అచ్చంపేట నుంచి మన్ననూరు దాకా ఎక్కి రండి. రాగానే బానెట్ తెరవకుండా పావుగంట ఆగి, సెల్ఫ్ కొట్టి చూడండి. ఆ తర్వాత బానెట్ ఎత్తి, ఇంజన్ ఆపి ఉండగానే, హెడర్‌ని ముట్టుకోకుండా, వైర్ల మీద చెయ్యి పెట్టండి. ఒక్క క్షణం కూడా పెట్టలేకపోతే అక్కడ ఇంకా దూరం గానీ రేకు గానీ కావాలి. వేడి తెలుస్తున్నా చెయ్యి ఉంచగలిగితే ఫరవాలేదు. ఎండాకాలంలో ఇంకోసారి ఇదే పరీక్ష చేయాలి. బయటే 44, 45 డిగ్రీలుండే మే నెలలో బానెట్ కింద లెక్క మళ్లీ మారుతుంది.

హెడర్ తీసేయాలా అని అడిగారు. నన్నడిగితే తీసేయమంటాను. హెడర్ లాభం ఎక్కువగా పైఆర్‌పీఎంలో, గట్టిగా తొక్కినప్పుడు తెలుస్తుంది. పొలం గట్ల మీద, ఘాటులో ఫస్ట్, సెకండ్ గేర్లలో నడిచే మీ బండికి దాని వల్ల ఒరిగేది తక్కువ, పక్కన ఉన్నవాటికి పెట్టే బాధ ఎక్కువ. పైగా కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రేపు మంట వల్ల నష్టం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. కానీ డబ్బు పెట్టారు, ఇష్టపడి వేయించుకున్నారు, నిర్ణయం మీది. ఉంచుకుంటే పైన చెప్పిన పనులన్నీ చేయాలి, సగం చేసి ఆపకూడదు. తీసేస్తే పాత మానిఫోల్డ్, దాని రేకు, గాస్కెట్ కొత్తది, ఈ మూడూ కలిపి బిగించి, వైర్లని కంపెనీ క్లిప్పుల్లోకి తిరిగి తెస్తే పని అయిపోతుంది. అప్పుడు కూడా ఉడికిన వైర్లు, సెల్ఫ్ కేబుల్ మార్చాల్సిందే. పాత మానిఫోల్డ్ ఆ గ్యారేజీలోనే వదిలేసి వచ్చి ఉంటే ఈరోజే ఫోన్ చేయండి, తుక్కులో వేయకముందే.